ఒడ్డున సంచుల కాపలా

సముద్రం ఒడ్డున ఏ కుటుంబాన్ని చూసినా ఒక్క మనిషి మాత్రం నీళ్ళలో ఉండదు. అందరి చెప్పులూ ఆవిడ చుట్టూ ఉంటాయి. ఒళ్ళో నాలుగు ఫోన్లు, భుజం మీద రెండు తువ్వాళ్ళు, చేతిలో ఎవరో సగం తాగి ఇచ్చిన కొబ్బరిబోండాం. నీళ్ళలోంచి ఎవరో ఒకరు "నువ్వూ రా" అని కేకేస్తారు. "మీరు ఆడుకోండి, నాకెందుకులే" అంటుంది ఆవిడ. ఆ జవాబే వస్తుందని పిలిచినవాళ్ళకీ తెలుసు, అందుకే రెండోసారి పిలవరు. విశాఖ ఆర్కే బీచ్ అయినా, బాపట్ల దగ్గర సూర్యలంక అయినా, లక్షలు పోసి విమానమెక్కి వెళ్ళిన దీవి అయినా ఇదే వరస.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టొచ్చు. విండ్‌సర్ఫింగ్ కోసం పిల్లాజెల్లాతో ఏదైనా దీవికి బయల్దేరారనుకోండి. చేతిలో డబ్బు ఒక్కరి పాఠానికే వస్తుందనుకోండి. ఆ ఒక్క పాఠం పిల్లలకి కాదు, వాళ్ళ నాన్నకి కాదు, అమ్మకి కొనాలి. అందరికీ సరిపడా డబ్బుంటే అందరికంటే ముందు నీళ్ళలోకి దిగాల్సింది అమ్మే. "పిల్లలకి చెప్పించకుండా నువ్వు నేర్చుకుంటావుటే" అని మా అత్తగారు కళ్ళు పెద్దవి చేశారు. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నిరుడు దసరా సెలవులకి మేం మారిషస్‌లో లె మోర్న్ వెళ్ళాం. మేమంటే నేను, మా ఆయన, పదమూడేళ్ళ అమ్మాయి, పదేళ్ళ అబ్బాయి, అత్తగారు, మా ఆడపడుచు, ఆవిడ భర్త. లె మోర్న్ ఆ దీవికి నైరుతి మూలన ఉంది. 556 మీటర్ల నల్లరాతి కొండ సముద్రంలోకి నడిచొచ్చి ఆగిపోయినట్టు ఉంటుంది. దాని పాదాల దగ్గర లగూన్. అంటే, పగడపు దిబ్బ గోడలా అడ్డం ఉండటం వల్ల పెద్ద అలలు లోపలికి రాని సముద్రమన్నమాట. చాలా మేర నీళ్ళు నడుం దాకే. ఆ దిబ్బ అవతల మాత్రం ఇంటెత్తు అలలు విరుగుతుంటాయి. అక్కడ 'వన్ ఐ' అనే చోటుంది, లోకంలోని పెద్ద పెద్ద సర్ఫర్లు వెతుక్కుంటూ వస్తారు. ఒకే నీళ్ళలో ఇటు పెద్దబాలశిక్ష, అటు డాక్టరేటు. మనకి కావలసింది ఇటువైపే.

అక్కడి గాలికీ మనకీ చుట్టరికం ఉందని నాకు వెళ్ళేముందు చదువుతుంటే తెలిసింది. మన వేసవి, వానాకాలం వాళ్ళకి చలికాలం. ఆ రోజుల్లో ఆ దీవులకి దక్షిణాన సముద్రం మీద పెద్ద అధిక పీడన ప్రాంతం నిలబడుతుంది. మస్కరీన్ హై అంటారు దాన్ని. అక్కణ్ణించి బయల్దేరే ఆగ్నేయ గాలులే భూమధ్యరేఖ దాటి, భూమి తిరగడం వల్ల దారి మళ్ళి, మనకి నైరుతి రుతుపవనాలవుతాయి. మన దొడ్లో మల్లెపందిరిని తడిపే తొలకరికి పుట్టిల్లు అటువైపే ఉందన్నమాట. మే నుంచి అక్టోబరు దాకా ఆ గాలి 15 నుంచి 25 నాట్ల వేగంతో, అంటే గంటకి సుమారు 28 నుంచి 46 కిలోమీటర్లతో వీస్తుంటుంది.

దీన్నిబట్టే సెలవులు చూసుకోవాలి. డిసెంబరు, జనవరి అంటే అందరికీ మోజు. కానీ అప్పుడు గాలి నమ్మకం కాదు, జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల భయం కూడా. మన పిల్లల వేసవి సెలవుల చివరి రోజులు, లేదంటే దసరా సెలవులు సరిగ్గా కుదురుతాయి. దసరా నాటికి గాలి కాస్త జోరు తగ్గి ఉంటుంది, కొత్తవాళ్ళకి అదే మంచిది. నీళ్ళు మరీ వేడిగా ఉండవు, ఆగస్టులో అయితే ఇరవై మూడు డిగ్రీల దగ్గరుంటాయి, మన హైదరాబాదు వాళ్ళకి వణుకే. హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళి అక్కణ్ణించి ఆరు గంటల ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకుంటే చాలు, పిల్లల నిద్ర పెద్దగా చెడదు.

ఇంతకీ ఇదేం ఆటంటారా? వెడల్పాటి పలక, దాని మధ్యలో ఎటు కావాలంటే అటు వాలే కీలు మీద నిలబడ్డ తెరచాప. పలక మీద నిలబడి తెరచాపని రెండు చేతులా పట్టుకుని గాలితో వెళ్ళడం. ఇంజను లేదు, తెడ్డు లేదు. గాలిపటం కట్టుకుని పైకెగిరే కైట్ సర్ఫింగ్ వేరు, రెండూ ఒకటనుకుని మా అత్తగారు మొదట్లో దణ్ణాలు పెట్టేశారు.

1964లో అమెరికాలో పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే ఆయన, భార్య నయోమితో కలిసి ఇలాంటి పలక తయారుచేశాడు. తర్వాత పేటెంటు తీసుకున్నవాళ్ళు వేరే ఇద్దరు, పేరూ డబ్బూ వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఇంకా వింత, 1985లో ఇంగ్లండులో ఈ పేటెంటు మీద కోర్టు కేసు నడిస్తే, 1958లోనే హేలింగ్ ఐలండ్ అనే చోట పన్నెండేళ్ళ కుర్రాడొకడు సెలవుల్లో ఆడుకోవడానికి ఇలాంటిది చేసుకున్నాడని తేలి ఇంగ్లండులో ఆ పేటెంటు నిలవలేదు. ఒలింపిక్స్‌లోకి 1984లో వచ్చింది. ఆడవాళ్ళకి విడిగా పోటీ పెట్టడానికి 1992 దాకా పట్టింది. బార్సిలోనాలో ఆ మొదటి బంగారు పతకం న్యూజిలాండ్ అమ్మాయి బార్బరా కెండల్‌ది. ఇటలీకి చెందిన అలెస్సాండ్రా సెన్సీనీ అయితే 2008లో బీజింగ్‌లో వెండి పతకం గెలిచినప్పుడు ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మనలో చాలామంది "ఈ వయసులో నాకు ఇవన్నీ ఏమిటి" అనడం మొదలుపెట్టే వయసే అది.

ఈ ఆటకి బలం కావాలనుకుంటారు, అదీ మగవాళ్ళ బలం. కొత్తవాళ్ళ విషయంలో అది నిజం కాదు. నీళ్ళలో పడుకుని ఉన్న తెరచాపకి ఒక తాడు ఉంటుంది. గాలికి వీపు పెట్టి నిలబడి, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి, ఆ తాడుని పట్టుకుని కాళ్ళతో లేవాలి. చేతులతో లాగకూడదు. తెరచాప మీద నిలిచిన నీళ్ళు మెల్లగా జారిపోయేదాకా ఆగాలి, అప్పుడు అదే తేలికగా పైకి వస్తుంది. చిన్నప్పుడు నూతి దగ్గర బిందె ఎత్తి నడుం మీద పెట్టుకున్నవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. మా ఆయన, ఆడపడుచు భర్త, ఇద్దరూ ఒక్క గుంజుతో పైకి లాగబోయి వెల్లకిలా పడ్డారు. ఒకసారి కాదు, ఆ గంటంతా. సాయంత్రానికి ఇద్దరికీ నడుం నొప్పి, జండూబామ్ నా సంచిలోంచే.

బలం అడ్డం కాదు, వయసు అడ్డం కాదు. మరేమిటి అడ్డం? "నాకెందుకులే" వెనక ఏమున్నాయో విప్పి చూద్దాం.

మొదటిది బట్టలు. ఇది నోరు తెరిచి చెప్పం కానీ అసలు సంగతి ఇదే. సముద్రపు ఆటలంటే సినిమాల్లో చూసిన బట్టలే గుర్తొస్తాయి. నిజానికి విండ్‌సర్ఫింగ్‌కి అవి పనికిరావు. ఎండకి చర్మం మాడిపోతుంది, పలక మీదికి ఎక్కేటప్పుడు మోకాళ్ళు, పొట్ట గీసుకుపోతాయి. అందుకని నేర్పేవాళ్ళు కూడా మణికట్టు దాకా చేతులున్న లైక్రా చొక్కా, చీలమండ దాకా బిగుతు పాంటు, పైన లైఫ్ జాకెట్టు, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుంటారు. మన చుడీదారు కంటే ఎక్కువే కప్పుతుంది. చున్నీ మాత్రం గదిలో వదిలేయాలి, ఏ తాడుకైనా చుట్టుకుంటే ప్రమాదం.

తర్వాత మెడలోది. గొలుసు, నల్లపూసలు బయట వేలాడుతుంటే లైఫ్ జాకెట్టు బకిల్‌కి పట్టుకుంటాయి, తెగి నీళ్ళలో పడితే దొరకవు. తీసి హోటల్ లాకర్లో పెట్టడమే మంచిది. తీయడం ఇష్టం లేనివాళ్ళు, తీస్తే ఇంట్లో పెద్దవాళ్ళు బాధపడతారనుకున్నవాళ్ళు, సూత్రాలు పసుపుతాడుకి కట్టుకుని చొక్కా లోపల వేసుకోవచ్చు. ఈ సలహా నాది కాదండోయ్, మా అత్తగారిది. సంచిలో పసుపుతాడు కూడా ఆవిడే తెచ్చారు. కైట్ సర్ఫింగ్ అనుకుని దణ్ణాలు పెట్టిన మనిషే.

నెలసరి లెక్క ఎలాగూ ఉంటుంది. తిరుపతి వెళ్ళడానికి తేదీలు మార్చుకోవడానికి మాత్రలు వేసుకునే మనం, ఆట కోసం ఆ తేదీలు చూసుకుని టికెట్లు తీయండి అనడానికి మొహమాటపడతాం. తేదీలు కుదరకపోతే కప్పు, టాంపాన్ లాంటివి ఉన్నాయి, మన ఆడపిల్లలకి తెలిసినంత మనకి తెలియడం లేదు. ఏది వాడినా అక్కడ కొత్తగా మొదలుపెట్టకుండా ఇంట్లోనే రెండు నెలల ముందు అలవాటు చేసుకోవాలి. మాత్రలు మాత్రం డాక్టరమ్మని అడక్కుండా వద్దు.

"నల్లబడిపోతావు" అనేది ఇంకోటి. నల్లబడతాం. నెల తిరిగేసరికి మామూలవుతాం. దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

డబ్బు సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. పాఠాల ఖరీదు చూస్తే గుండె గుభేలుమంటుంది. అక్కడి రూపాయి మన రూపాయికి దాదాపు రెట్టింపు, ఎంత చవక అనుకున్నా రెండుతో గుణించుకోవలసిందే. అప్పుడు ఏ తల్లయినా ఏం చేస్తుంది? ముందు తన పేరు కొట్టేస్తుంది. ఎవరూ కొట్టెయ్యమనలేదు సుమా, కాగితం మీద పేర్లు రాసేటప్పుడే తన పేరు రాయదు. మా ఇంట్లో అందరి పాఠాల లెక్క వేసింది మా ఆయన. ఐదు పేర్లుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. మా ఆడపడుచు ముందే వద్దంది, అత్తగారి మాట వేరు. నా పేరు గురించి అడిగితే, "నువ్వు దిగవు కదా" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి. పదహారేళ్ళ కాపురంలో ఆయనకి అలా అలవాటు చేసింది ఎవరంటే, ఆయన తల్లి, నా తల్లి, మన సినిమాలు, వీధిలోవాళ్ళు, అందరూ తలా ఒక చెయ్యి.

వీటన్నిటికంటే గట్టిది ఈత. ఇది నిజమైన అడ్డంకి, దీన్ని తేలిగ్గా తీసిపారేయను. మా ఊళ్ళో మగపిల్లల నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి కాలవలోకి తోసేవాళ్ళు, మూడోరోజుకి వాళ్ళు ఈదేవాళ్ళు. ఆడపిల్లలం రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ళ చొక్కాలు కాపలా కాసేవాళ్ళం. చూశారా, సంచుల ఉద్యోగం అక్కణ్ణించే మొదలు. నేను మూడేళ్ళ క్రితం అపార్టుమెంటు కొలనులో నేర్చుకున్నాను. ఈత రాకపోతే విండ్‌సర్ఫింగ్‌కి దిగకూడదు. నడుంలోతు నీళ్ళే కదా, లైఫ్ జాకెట్టు ఉంది కదా అని ఎవరైనా అంటే వినకండి. మంచి బడివాళ్ళు ముందే అడుగుతారు. అడగని బడి మంచిది కాదు.

ఇక వంటగది. దీని మీద నాకు గట్టి పట్టుదల ఉంది. మనవాళ్ళు విదేశాలకి వెళ్తే వంటగది ఉన్న బస కోసం వెతుకుతారు. శాకాహారం దొరకదని, పిల్లలకి పెరుగన్నం లేకపోతే పడదని, డబ్బు కలిసొస్తుందని. రైసు కుక్కరు, ఇంగువ, కందిపొడి, ఆవకాయ, చారుపొడి, సగం సూట్‌కేసు అవే. పొద్దున గాలి మెత్తగా ఉన్నప్పుడే కొత్తవాళ్ళ పాఠాలు. మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది. ఆ పొద్దున్న రెండు గంటలు ఆవిడ ఎక్కడ ఉంటుంది? ఉప్మా దగ్గర. అందరూ తడిబట్టలతో ఆకలి ఆకలి అంటూ వచ్చేసరికి అన్నం వార్చి ఉండాలి. ఇల్లు మారిందే తప్ప పొయ్యి మారలేదు. వంటగది లేని గది తీసుకోండి. ఖర్చు ఎక్కువైతే ఒక రోజు తగ్గించుకోండి, వారం బదులు ఆరు రోజులుండండి.

పైగా మారిషస్‌లో శాకాహారికి ఇబ్బందేమీ లేదు. రోడ్డు పక్కన బండ్ల మీద ధోల్ పూరీ అమ్ముతారు, పప్పు కూరిన పల్చటి రొట్టె, అందులో చిక్కుడుగింజల కూర, పచ్చడి వేసి చుట్టి ఇస్తారు. మన బొబ్బట్టుకి ఉప్పు వేసి కారం కూర పెట్టినట్టు అనుకోండి. గాతో పిమాఁ అని చిన్న చిన్న వడలు, పప్పు, పచ్చిమిరప, కొత్తిమీరతో. అచ్చం మసాలా వడే. అత్తగారు మొదటిరోజు అనుమానంగా ఒకటి తిని, రెండోరోజు నుంచి మాకు తేవడం మర్చిపోవద్దన్నారు. మేం తీసుకెళ్ళిన కందిపొడి సీసా మూత తియ్యకుండానే తిరిగొచ్చింది.

ఆ తిండి అలా ఉండటానికి కారణం మనకి తెలియనిది కాదు. 1834 నుంచి 1920 వరకు చెరకు తోటల్లో పనికని దాదాపు 4.5 లక్షల మంది భారతీయుల్ని కూలి ఒప్పందం మీద మారిషస్ తీసుకెళ్ళారు. వాళ్ళలో గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కొరంగీలని పిలిచేవారు. ఇవాళ్టికీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్నకీ, అమ్మోరుకీ పండగలు చేస్తారు. తాతల పేర్లే ఇంటిపేర్లయి నిలిచిపోయాయి. ఇక లె మోర్న్ కొండ కథ ఇంకా బరువైనది. బానిసలు తోటల నుంచి పారిపోయి ఆ కొండ మీద దాక్కునేవారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది, ఆ కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిల్ని చూసి పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో ఆ కొండని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఆ కొండ కిందే మనం రంగురంగుల తెరచాపలతో ఆడతాం. పిల్లలకి ఈ కథ చెప్పకుండా అక్కణ్ణించి తీసుకురావడం నాకు నచ్చదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. మొదటిరోజు పాఠాల దగ్గర పేర్లు ఇస్తున్నప్పుడు మా అబ్బాయి అప్పటికే నీళ్ళలో ఉన్నాడు. అమ్మాయి మాత్రం నా పక్కన నిలబడి, "నువ్వు దిగకపోతే నేనూ నీ దగ్గరే కూర్చుంటాలే అమ్మా, సంచులు చూస్తా" అంది. ఆ పిల్లకి భయం లేదు. మా అపార్టుమెంటు కొలనులో చేపలా ఈదుతుంది. పదమూడేళ్ళకే దానికి అమ్మ పక్కన కూర్చోవడం మంచి అమ్మాయి చేసే పని అని ఎలా తెలిసింది? నేనెప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కదా, ప్రతి సెలవుల్లో కళ్ళముందు చూస్తూనే ఉంది. "నువ్వు నేర్చుకో" అని ఆడపిల్లకి వెయ్యిసార్లు చెప్పొచ్చు, డబ్బు కట్టి చేర్పించొచ్చు. అది ఎదిగి తల్లయ్యాక ఏం చెయ్యాలో మాత్రం మనం కూర్చున్న చోటుని చూసి నేర్చుకుంటుంది. అందుకే అమ్మకి మొదటి పాఠం అంటున్నాను. అత్తగారి ప్రశ్నకి నా జవాబు ఇదే. పిల్లకి చెప్పించడంలో ఇది కూడా భాగం.

ఐదో పేరు రాయించాను. నాకు నేర్పింది అక్కడి క్రియోల్ అమ్మాయి, పాతికేళ్ళుంటాయి. మొదట ఇసక మీదే పలక పెట్టి అరగంట చెప్పింది. తెరచాప బరువనిపిస్తే ఏం చెయ్యాలి? వదిలెయ్యాలి. గాలి ఎక్కువైతే? వదిలెయ్యాలి. భయం వేస్తే? వదిలెయ్యాలి. తెరచాప వదలగానే పలక ఆగిపోతుంది, ఎటూ కొట్టుకుపోయినట్టు అవ్వదు. ఈ ఆటకి బ్రేకు అదే. ఎన్నిసార్లు చెప్పినా నా చేతులు వినలేదు. చేతిలోది జారవిడవకూడదనే కదా మనకి నేర్పారు. గట్టిగా పట్టుకున్నకొద్దీ తెరచాప నన్ను ఎత్తి నీళ్ళలో పడేసింది. లెక్కపెట్టిన మా అబ్బాయి చెప్పడం ప్రకారం ఇరవై ఏడుసార్లు. ముక్కులో ఉప్పునీళ్ళు, అరచేతుల్లో బొబ్బలు. రెండోరోజు పొద్దున ఒక్కసారి, బహుశా ఒక నిమిషం, పలక కింద నీళ్ళు బుడబుడమని చప్పుడు చేస్తూ ముందుకెళ్ళాను. తిప్పడం ఇంకా రాదు కాబట్టి ఎటు వెళ్ళానో అటే దిగి, పలకని లాక్కుంటూ నడిచొచ్చాను. ఒడ్డున సంచులు చెట్టుకింద పడున్నాయి. ఎవరూ ఎత్తుకుపోలేదు. అత్తగారు గాతో పిమాఁ తింటూ వాటివైపు వీపు పెట్టి కూర్చున్నారు.

మా ఆడపడుచుకి ఇదేమీ నచ్చలేదు. "ఏడాదంతా చాకిరీ చేసి, నాలుగు రోజులు ఊరికే కూర్చుందామని వస్తే, ఇక్కడా పరీక్షలేమిటి వదినా? ఇరవైసార్లు పడటానికా నేనొచ్చింది?" అంది. ఆవిడ ఇంట్లో అత్తమామలు మంచంలో ఉన్నారు, ఇద్దరికీ అన్నీ ఆవిడే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆవిడ కుర్చీ వాల్చుకుని, పుస్తకం తెరిచి, కునుకు తీసింది. అది కూడా సెలవే. నేను వద్దంటున్నది ఆ కుర్చీని కాదు. ఏడుగురి చెప్పులు లెక్కపెట్టుకుంటూ, అందరి ఫోన్లు మోగితే ఎత్తుతూ, ఎవరికి ఆకలేస్తుందోనని గడియారం చూసుకుంటూ కూర్చునే కూర్చోవడాన్ని వద్దంటున్నాను. పుస్తకంతో కూర్చున్న ఆడమనిషి ఒళ్ళో ఫోన్లు పెట్టకండి, అంతే.

"పిల్లల్ని చూడటానికి ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి కదా" అన్నది మా ఆయన మాట. ఉండాలి. కచ్చితంగా ఉండాలి. వంతులు వేసుకోవాలి. పొద్దున పాఠం నాది, అప్పుడు ఒడ్డున ఆయన. ఆయన పాఠానికి నేను. మొదటిరోజు ఆయన వంతు గంట గడిచేసరికి "ఇక్కడ ఏమీ తోచట్లేదు" అన్నారు. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు మా ఆడపడుచు పుస్తకం వెనక నవ్వడం నేను చూశాను.

జాగ్రత్తల విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే కొత్తవాళ్ళు దిగకూడదు, తిరిగి రాలేరు. లె మోర్న్‌లో పగడపు దిబ్బకి మధ్యలో ఖాళీలున్నాయి, అక్కడ నీళ్ళు బయటికి లాగుతాయి, నేర్పేవాళ్ళు గీసిన హద్దు దాటొద్దు. తెరచాప విరిగినా, చేతులు పనిచెయ్యకపోయినా పలకని వదిలి ఈదడం మొదలుపెట్టకూడదు. పలక మీద కూర్చుని రెండు చేతులూ పక్కలకి చాచి పైకీ కిందకీ ఊపాలి, అదే సాయం కోరే సైగ. పలక కనబడినంత తేలిగ్గా మనిషి తల నీళ్ళలో కనబడదు. కాళ్ళకి బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దు, పగడాల మధ్య సముద్రపు ముళ్ళకాయలుంటాయి, రాయిలా కనిపించే విషపు చేప కూడా ఉంటుంది. మొదటి పాఠం గంటన్నర మించితే చేతులు తేలిపోతాయి. మగపిల్లలు "ఇంకొక్కసారి" అన్నప్పుడే పైకి పిలవాలి, వన్ ఐ వైపు చూసి ఆవేశపడే బావగార్లని కూడా.

తిరిగొచ్చాక మా అమ్మాయి హుస్సేన్ సాగర్‌లో పడవ తెరచాప నేర్పే చోటు గురించి అడుగుతోంది. అక్కడ నేర్చుకున్న పిల్లలు దేశం తరఫున పోటీలకి వెళ్తున్నారు. ముందు పరీక్షలు అవ్వనీ అన్నాను. మా ఆడపడుచు రెండు వారాల క్రితం ఫోను చేసింది, విండ్‌సర్ఫింగ్ మాట ఎత్తొద్దని ముందే ఒట్టు వేయించుకుని, వాళ్ళ కాలనీ ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచి పొద్దున ఆరింటికట, చేరనా అంది. చేరింది. ఆ గంటలో ఇద్దరు పెద్దవాళ్ళకీ కాఫీ, మందులు ఇచ్చే పని ఇప్పుడు అన్నయ్యగారిది. మామగారి బీపీ మాత్రకి బదులు అత్తగారిది ఇచ్చేశాడని మొన్న ఒక రోజు గొడవ. మాత్రల డబ్బాకి రంగుల చీటీలు అంటించి, మర్నాడు మళ్ళీ ఆరింటికి వెళ్ళిందట.